మాల్ దాటితే సాగరం

"నాన్నా, మన దగ్గరికి ఓడలు రావా?"

శనివారం రాత్రి అన్నం ముందు కూర్చుని మా అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. దసరా సెలవుల్లో దాని స్నేహితురాలు విశాఖపట్నం వెళ్లొచ్చింది. బీచ్ ఒడ్డున మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లి ఫొటోలు దిగింది. అక్కడి రేవుకు మేడలాంటి ఓడ వస్తుందనీ, అందులో హోటళ్లూ ఈతకొలనూ ఉంటాయనీ చెప్పి మావాళ్లకు నిద్ర లేకుండా చేసింది. ఆ పిల్ల కోతలేమీ కోయలేదు. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే విహార నౌక విశాఖకు వచ్చింది. 2023లో అలాంటి నౌకల కోసమే అక్కడి పోర్టులో ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు.

"నీళ్ల పక్కన మాల్ ఉండాలి. మాల్ పక్కన ఓడ ఉండాలి. అక్కడికి తీసుకెళ్లు" అని మా అమ్మాయి పట్టు.

తెలంగాణలో పుట్టినవాణ్ని.. సముద్రం ఎక్కణ్నుంచి తేను? కాసేపు ఆలోచించి, "సరే, రేపే వెళ్దాం. ముందు మాల్ వస్తుంది. అది దాటితే సాగరం. అందులో ఓడ" అన్నాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు. కావాలంటే మీరే చూడండి.

మాల్ వచ్చింది.. దిగు!

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, యాచారం దాటాక ఓ ఊరొస్తుంది. పేరు మాల్. రంగారెడ్డి, నల్లగొండ జిల్లాల సరిహద్దు మీద ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదే అంగడి. బోర్డు దగ్గర బండి ఆపి "మాల్ వచ్చింది, దిగు" అన్నాను.

మా అమ్మాయి కిటికీలోంచి చూసింది. పలుగులు, పారలు, పలుపుతాళ్లు వేలాడదీసిన దుకాణం. పక్కన ఎరువుల కొట్టు. మిర్చి బజ్జీల బండి. ఓ రైతు కొత్త చర్నాకోల కొనబోతూ గాల్లో ఝళిపించి చూస్తున్నాడు.

"ఇది మాలా?"

"బోర్డు చదువు!"

చదివింది. తర్వాత అరగంట నాతో మాట్లాడలేదు. బజ్జీలు మాత్రం తిన్నది.

కొండమల్లేపల్లి చౌరస్తాలో మా పెద్దమ్మ ఎదురుచూస్తోంది. అమ్మకు సొంత అక్క. ఎనభైకి దగ్గర్లో ఉంది. దేవరకొండ దగ్గరి పల్లెలో ఉంటుంది. ముందురోజు రాత్రి ఏదో పనిమీద ఫోన్ చేస్తే, మాటల మధ్య "రేపు సాగర్ పోతున్నం పెద్దమ్మా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా. అంతలో "జర చౌరస్తల ఆగు బిడ్డా. నేనొస్త" అంది.

అక్కణ్నుంచి సాగర్‌కు గంటో, గంటంపావో ప్రయాణం. పెళ్లయి ఈ ప్రాంతానికి వచ్చిన దగ్గర్నుంచీ పెద్దమ్మ అంత దూరంలోనే ఉంది. తిరుపతి పోయింది, శ్రీశైలం పోయింది, మేడారం జాతరకు పోయింది. గేట్లు ఎత్తినప్పుడల్లా ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి సాగర్ పోయినా, తను మాత్రం ఒక్కసారీ పోలేదు. "నేను సూడని సాగరా?" అని నవ్వి ఊరుకునేది. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

గుంపులో ఒక పిల్ల

హిల్ కాలనీ దాటి కిందికి దిగితే డ్యాం దిగువన కృష్ణ మీద వంతెన ఉంటుంది. డ్యాం మీదికి ఎవర్నీ పోనివ్వరు గానీ, ఈ వంతెన మీంచి చూస్తే గోడ మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. గేట్లు మూసి కొద్దిరోజులే అయినట్టుంది. కింద బండలు ఇంకా తడిగానే ఉన్నాయి. అవతల జలాశయం నిండుగా ఉంది. పూర్తి మట్టం 590 అడుగులు.

పెద్దమ్మ బండి దిగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"గంత పొడుగైందా!" అంది. తను వెళ్లిపోయేనాటికి గోడ ఇంకా లేస్తూనే ఉందట.

లెక్కలు మనందరం బడిలో చదువుకున్నవే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. రాతికట్టడం పొడవు దాదాపు 1,450 మీటర్లు. ఎత్తు 124 మీటర్లు. 26 గేట్లు. కాంక్రీటు కుమ్మరించి పోసిన గోడ కాదిది. రాయి మీద రాయి పేర్చి కట్టింది. అంత ఎత్తు రాతికట్టడం ప్రపంచంలోనే అరుదు. యంత్రాలు కొన్ని ఉన్నా, కట్టె మెట్ల మీదుగా రాయినీ, మాలునూ పైకి చేర్చింది మాత్రం ఎక్కువగా మనుషుల తలలే.

వాటిలో ఒకటి మా పెద్దమ్మ తల.

మా అమ్మమ్మ వాళ్లది పాలమూరు జిల్లా. కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఊరు. నది పక్కనే పారుతున్నా చేనుకు చుక్క రాదు. అప్పట్లో గుంపు మేస్త్రీలు ఊళ్లకు వచ్చి, పెద్దపండగకో పెళ్లికో ఇంత బయానా చేతిలో పెట్టేవాళ్లు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి పోయి పనిచెయ్యాలి. పోయేది ఒక్కరు కాదు.. మొగుడూ పెళ్లాం, చంకలో పిల్లలు, నెత్తిన గిన్నెలూ గుడిసె కప్పే సామానూ. దేశంలో ఎక్కడ డ్యాం కడుతున్నా 'పాలమూరు లేబర్' అనే మాట వినిపించడానికి కారణం అదే. అట్లా అమ్మమ్మ, తాత నందికొండకు వచ్చారు. నాగార్జునసాగర్‌కు ఆ రోజుల్లో జనం నోట్లో పేరు అదే. పెద్దమ్మకు అప్పుడు పదమూడేళ్లు. ఇంకా మా అమ్మ పుట్టలేదు.

"గోడల నా తట్టలెన్ని ఉన్నయో బిడ్డా" అంది పెద్దమ్మ.

"ఎన్నుంటయ్ నానమ్మా?" అంది మా అమ్మాయి.

"లెక్కపెట్టనీకి గప్పుడు నాకు లెక్కలొస్తే గదా!"

ఒకరి వెనక ఒకరు చీమల బారులా ఎక్కేవాళ్లట. ముందు నడిచేవాళ్ల మడమలు చూస్తూ నడవడమే. కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయని అమ్మమ్మ చెప్పింది. పైన తట్ట దించి, వట్టి తట్టతో ఇంకో బాట వెంట దిగి రావాలి. జారిపడినవాళ్లు ఉన్నారు. పొద్దున వెళ్లి సాయంత్రం గుడిసెకు రానివాళ్లూ ఉన్నారు.

"పనాగలే బిడ్డా" అంది. ఆ సంగతి ఇంకా పొడిగించలేదు.

ధర చెప్పు.. తగ్గించు

వంతెన దాటితే అది ఆంధ్రప్రదేశ్. విజయపురి సౌత్. నాగార్జునకొండకు వెళ్లే లాంచీలు అక్కణ్నుంచి బయల్దేరతాయి. రేవు దారి పొడవునా బజారు. "ఇదిగో నీళ్ల పక్కన మాల్" అన్నాను. ఈసారి మా అమ్మాయికి నచ్చింది.

ఏసీ లేదు, పైకి కిందికి తీసుకెళ్లే మెట్లు లేవు. కానీ ఇక్కడ ఉన్నది ఆ మాల్‌లో దొరకదు. పూసల దండలు, రంగు కళ్లద్దాలు, టోపీలు, గాలికి గిర్రున తిరిగే కాగితం చక్రాలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఉప్పూ కారం చల్లిన జామకాయలు. కాలం కాబట్టి గంపల నిండా సీతాఫలాలు. మరోపక్క చేపల పొయ్యిలు. జలాశయంలో పట్టిన చేపను మన ఎదుటే తూచి, కడిగి, గాట్లు పెట్టి, ఎర్రగా మసాలా పట్టించి పెనం మీద వేస్తారు. నూనె చిటపటలు, నిమ్మకాయ పిండిన వాసన.. ఆదివారం మధ్యాహ్నం ఆ దారిలో ఆకలి లేనివాడికీ ఆకలేస్తుంది.

బేరం పెద్దమ్మకు అప్పగించాం. సీతాఫలాల గంప ముందు గొంతుక్కూర్చుని, కళ్లు విచ్చిన కాయలు ఒకపక్క, విచ్చనివి ఒకపక్క పెట్టింది. "గివి రేపటికి, గివి ఎల్లుండికి. పండినయి నాకెందుకు, తొవ్వలనే పగులుతయ్" అని అమ్మే ఆమెకే పాఠం చెప్పింది. పాలమూరు మనిషికి సీతాఫలం గురించి ఎవరు చెప్పగలరు? ఇద్దరూ అయిదు నిమిషాలు వాదులాడుకుని, చివరికి ఒకరి ఊరు ఒకరు అడిగి తెలుసుకుని, రెండు కాయలు కొసరుతో నవ్వుకుంటూ విడిపోయారు. మా అమ్మాయికి నీలం పూసల దండ కూడా చెప్పిన ధరలో సగానికి వచ్చింది.

అంతా అయ్యాక పెద్దమ్మ ఇంకో బండి దగ్గర ఆగింది. కొంగుముడి విప్పి తన డబ్బుతోనే ఓ మురమురాల పొట్లం కొన్నది. మా అమ్మాయి చెయ్యి చాస్తే "గివి వేరే బిడ్డా. నీకు ఇంకోటి తీసుకో" అని పొట్లాన్ని మళ్లీ కొంగులోనే కట్టేసుకుంది. అడిగితే లేదనే మనిషి కాదు. నాకు వింతగానే అనిపించింది. అంతలో లాంచీ కూత వేసింది.

లాంచీ కింద ఊరు

విశాఖకు వచ్చే ఓడతో పోలిస్తే మన లాంచీ దాని పడవంత కూడా ఉండదు. అయినా రెండంతస్తులు, పైన రెపరెపలాడే జెండా, ఇంజను చప్పుడు, డీజిల్ వాసన.. మా అమ్మాయికి అది ఓడే. నారింజరంగు లైఫ్ జాకెట్ వేసుకోకపోతే కదలనివ్వరు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతోమంది పోయారు కదా. ఆ తర్వాత ఈ విషయంలో పట్టింపు పెరిగింది. పెద్దమ్మ జాకెట్ తొడుక్కుని, "గప్పుడు గిసుంటిది ఒక్కటి ఇయ్యలే ఎవ్వలు" అంది.

ఒడ్డు దూరమైంది. ఓ వైపు డ్యాం గీతలా సన్నగిల్లింది. మిగతా మూడు వైపులా నల్లమల. దాదాపు ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంటా మనం ప్రయాణించేది ఒక నగరం మీదుగా అని చాలామందికి తెలియదు.

ఇప్పుడు నీళ్లున్న చోట లోయ ఉండేది. అందులో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. 1926లో ఎ.ఆర్. సరస్వతి అనే పరిశోధకుడు అక్కడ నిలబడి ఉన్న పాలరాతి స్తంభాలను, వాటి మీది రాతలను గుర్తించారు. ఆ మరుసటి ఏడాది నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. స్తూపాలు, విహారాలు, మండపాలు బయటపడ్డాయి. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 3, 4 శతాబ్దాల నాటిది. డ్యాం కడితే అంతా మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా మరోసారి తవ్వారు. ఒకపక్క గోడ లేస్తోంది, ఇంకోపక్క నగరం బయటికొస్తోంది. నీళ్లకంటే ముందు పని పూర్తికావాలి. మోయగలిగినవి మోసి, ఎంచుకున్న కట్టడాల్ని రాయి రాయిగా విప్పి, మునగని కొండ మీదికీ, ఒడ్డున అనుపు దగ్గరికీ చేర్చి మళ్లీ పేర్చారు. అలా మిగిలిన కొండకొనే ఇప్పుడు మనం వెళ్తున్న దీవి.

"అయితే మనం కొండ మీద దిగుతామా, దీవిలోనా?" అంది మా అమ్మాయి.

"కొండే.. నీళ్లొచ్చి దీవి అయింది."

ఆ మాట పెద్దమ్మకు కొత్త కాదు. నందికొండ పని ముగిశాక అమ్మమ్మ వాళ్లు ఊరికి తిరిగి వెళ్లారు. ఇరవై ఏళ్లు గడవకముందే, 1981లో శ్రీశైలం జలాశయం కోసం కృష్ణ ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు దగ్గరగా ఊళ్లు పోయాయి. అందులో మా అమ్మమ్మ ఊరూ ఒకటి. అక్కడా కొన్ని గుళ్లను విప్పి ఎత్తు ప్రదేశాలకు చేర్చారు. ఇళ్లను ఎవరు చేరుస్తారు? ఒక కట్టకు రాళ్లు మోశారు. ఇంకో కట్టకు ఇల్లు ఇచ్చారు. ఇటు చూస్తే సాగర్ కాల్వల నీళ్లు నల్లగొండకు, ఖమ్మానికి, గుంటూరుకు, ప్రకాశానికి వెళ్లాయి. పాలమూరుకు ఆ కాల్వల్లో దారే లేదు. ఇందులో ఎవర్నీ తిట్టుకోవాల్సిన పని లేదు, ఆ నీళ్లతో లక్షల ఎకరాలు పండాయి. మన ఇంట్లో అన్నంలోనూ అవి ఉన్నాయి. కానీ తట్ట మోసిన ఊరికి దక్కిందేమిటన్న లెక్క కూడా ఎక్కడో ఓచోట ఉండాలి కదా.

పదిహేడొందల ఏళ్ల నాటి బజారు

దీవి మీద దిగి, చెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్తే మ్యూజియం. బౌద్ధ విహారం ఆకారంలో కట్టింది. 1966లో తెరిచారు. మామూలుగా అందరూ బుద్ధుడి విగ్రహాల ముందు ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. నేను మాత్రం మా అమ్మాయిని దాని భాషలోనే లోపలికి తీసుకెళ్లాను.

"నీళ్ల పక్కన మాల్ కావాలన్నావు కదా. అసలు మాల్ ఇక్కడుండేది."

విజయపురి కృష్ణ ఒడ్డు నగరం. నదిలోకి దిగే విశాలమైన రాతిమెట్ల రేవు ఉండేది. దాని నమూనా దీవి మీద మళ్లీ పేర్చి ఉంది, చూడొచ్చు. తవ్వకాల్లో ఓ కంసాలి దుకాణం ఆనవాళ్లు దొరికాయి. బంగారం కరిగించే మూసలు, గీటురాయి, నగల అచ్చులు. శంఖు గాజులు, పూసలు దొరికాయి. మా అమ్మాయి మెడలోని నీలం పూసల దండను, అద్దాల వెనక ఉన్న పూసలను మార్చి మార్చి చూసింది.

తమలపాకులు అమ్మేవాళ్లకు, మిఠాయిలు చేసేవాళ్లకు ఇక్కడ సంఘాలు ఉండేవని శాసనాలు చెబుతున్నాయి. వాటిని శ్రేణులు అనేవారు. గుడికో మండపానికో దానమిచ్చేవాళ్లు ఆ సొమ్మును శ్రేణి దగ్గర శాశ్వతంగా జమచేస్తే, దాని వడ్డీతో మరమ్మతులు జరిగేవి. అంటే ఆకులమ్మే సంఘమే ఆనాటి బ్యాంకు! ఆకూ వక్కా లేకుండా పూట గడవని మా పెద్దమ్మ ఈ సంగతికి చాలా సంతోషించింది.

ఇక ఓడలు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న ఈ లోయలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. తూర్పు తీరంలో కంటకసేల, అంటే నేటి కృష్ణా జిల్లా ఘంటసాల, పెద్ద వర్తక కేంద్రం. 2వ శతాబ్దంలో టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో దాని పేరుంది. శాతవాహనులు సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ముద్రించారు. మనవాళ్లు ఓడను చూసి మురిసిపోయి ఊరుకున్నవాళ్లు కాదు, ఓడల మీద వ్యాపారం చేసినవాళ్లు. సింహళ భిక్షువుల కోసం ఈ లోయలో ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, సింహళ దేశాల ప్రస్తావన ఉంది. ఒక ఊరి రాతిమీద అన్ని దేశాల పేర్లు!

"అంటే మన దగ్గరికి ఓడలు వచ్చేవన్నమాట" అంది మా అమ్మాయి, రాత్రి ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంటూ.

ఓడలు తీరం దాకా వచ్చేవి, వాటి మనుషులూ సరుకులూ ఇక్కడిదాకా వచ్చేవి. ఆ సరుకులు రేవులో దిగి, మెట్లెక్కి, బజారుకు చేరేవి. ఎలా చేరేవి? ఎవరో మోస్తేనే కదా!

ఒక రాతి పనివాడి పేరు

మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా ఒకటుంది. పెద్దమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. వేలితో గాల్లో గీస్తూ, నది ఎటు పోతుందో, గోడ ఎక్కడ వస్తుందో లెక్కేసుకుంటోంది. మేముండే గుడిసెలు ఎటువైపో చెప్పగలవా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నీళ్లు మారినయ్, తొవ్వలు మారినయ్. ఎట్ల తెల్సుద్ది?"

అప్పుడు మా అమ్మాయి అడిగింది. "డ్యాం దగ్గర నెహ్రూ పేరుంది. మరి నీ పేరు ఎక్కడ రాశారు నానమ్మా?"

"తట్ట మోసినోళ్ల పేర్లు రాస్తే రాయి సాలదు బిడ్డా" అంది పెద్దమ్మ నవ్వుతూ.

ఎప్పుడూ అంతే. రాయించినవాళ్ల పేర్లు ఉంటాయి, మోసినవాళ్లవి ఉండవు. ఇక్ష్వాకుల నాడూ మహాచైత్యానికి దానం చేసిన రాజవంశపు స్త్రీ శాంతిశ్రీ పేరుంది, బోధిసిరి పేరుంది. అయితే, ఆ బోధిసిరి శాసనంలోనే ఓ ముచ్చట ఉంది. దానాలన్నీ చెప్పి, పని చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు చెప్పి, చిట్టచివర ఇది రాతి పనివాడు విధికుడి పని అని ముగుస్తుంది. చైనా నుంచి సింహళం దాకా దేశాలన్నీ పట్టిన ఆ రాతిలో, ఉలి పట్టిన మనిషికి కూడా ఒక్క మాట చోటు ఇచ్చారు.

ఈ సంగతి చెప్తే పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "మంచి పని చేసిన్రు" అంది.

తిరుగు ప్రయాణంలో ఎండ పచ్చబడింది. లాంచీ వెనకభాగంలో, కటకటాల పక్కన కూర్చున్నాం. పెద్దమ్మ కొంగుముడి విప్పి మురమురాల పొట్లం తీసింది. గుప్పెడు నీళ్లలోకి జల్లింది. ఇంకో గుప్పెడు జల్లింది. చేపలకనుకుని మా అమ్మాయి కూడా చెయ్యి పెట్టింది. ఈసారి వద్దనలేదు.

"మా తమ్ముడుండె" అంది, మావైపు చూడకుండానే. "అయిదేండ్లోడు. కూలి పైసలిచ్చిన్నాడు గుడిసెల కాడ అంగడి కూడుతుండె. వాడు గివే అడుగుతుండె. చలికాలం జెరం అచ్చింది. నాలుగొద్దులు. ఈడ్నే పెట్టి పోయినం."

నాకు ఒక మేనమామ ఉండేవాడని నలభై ఏళ్లకు దగ్గరపడ్డాక ఆ లాంచీలో తెలిసింది. అమ్మకు తెలుసో లేదో కూడా తెలియదు. తర్వాత ఫోన్ చేసి అడిగితే, "అక్క చెప్పిందా?" అని మాత్రం అంది.

పొట్లం ఖాళీ అయింది. కాగితాన్ని నీళ్లలో వేయకుండా నాలుగు మడతలు పెట్టి మళ్లీ కొంగులో కట్టుకుంది పెద్దమ్మ. ఆ తర్వాత రేవు వచ్చేదాకా మా అమ్మాయికి సీతాఫలం గింజలు ఎంత దూరం ఉమ్మాలో నేర్పింది.

కొండమల్లేపల్లి చౌరస్తాలో దింపేటప్పుడు, "పెద్దమ్మా, ఆదివారం పేపర్లో ఇదంతా రాస్తా. నీ పేరు వేస్తా" అన్నాను.

"నా ఒక్కదాని పేరెందుకు బిడ్డా? రాస్తే గుంపు పేరు రాయి" అంది.

అందుకే ఇక్కడ రాస్తున్నా. నాగార్జునసాగర్ ఆనకట్ట: పాలమూరు గుంపు పని. వాళ్ల పక్కనే తట్ట మోసిన మిగతా జిల్లాల గుంపులది కూడా.

మీరూ వెళ్తారా?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం లాంచీ అందుకోవచ్చు. దీవి మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. నీటి మట్టాన్ని, గాలిని, ప్రయాణికుల సంఖ్యను బట్టి లాంచీలు నడుస్తాయి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. దీవి మీద గడిపే సమయం తక్కువే. మ్యూజియం ముందు చూసి, ఫొటోలు తర్వాత దిగండి. వీలుంటే అనుపులో మళ్లీ పేర్చిన రంగస్థలాన్ని, ఎత్తిపోతల జలపాతాన్ని, ఇటువైపు హిల్ కాలనీ దగ్గర 2022లో ప్రారంభించిన బుద్ధవనాన్ని కూడా చూసి రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ తీసుకెళ్లండి. బేరం వాళ్లే చేస్తారు.